బోనాల చందాతో పాటు ఒక గది అద్దె: అమ్మవారి గుడి కమిటీ విజ్ఞప్తి

వారాసిగూడ, చిలకలగూడ, పద్మారావునగర్ భక్తులకు, చుట్టుపక్కల బస్తీల పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఆషాఢం వస్తోంది. ఎప్పటిలాగే బోనాల చందా కోసం కమిటీ సభ్యులు మీ ఇంటికి వస్తారు. ఈసారి వాళ్ల చేతిలో రెండో రశీదు పుస్తకం కూడా ఉంటుంది. అది దేనికో ముందే చెప్పాలి కదా.

తాగొచ్చి కొట్టే భర్త నుంచో, కట్నం కోసం వేధించే అత్తింటి నుంచో పిల్లల్ని చంకనేసుకుని బయటపడిన ఆడబిడ్డలు మన గుడి మెట్ల మీద కూర్చోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరు సికింద్రాబాద్ స్టేషన్లో, లేదంటే గాంధీ ఆసుపత్రి బయట రోగుల బంధువుల మధ్య రాత్రి గడుపుతారు. అక్కడైతే ఎందుకున్నావని ఎవరూ అడగరు. తల్లిగారింటికి పోతే "సర్దుకుపో బిడ్డా" అని నాలుగు రోజులకే వెనక్కి పంపే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ప్రభుత్వ సాయం లేదని కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. సఖి కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకే చోట దొరుకుతాయి. ఉండటానికి చోటూ ఇస్తారు, కానీ మామూలుగా 5 రోజుల వరకే. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు తన పేరున లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. వేరే ఇంటి అద్దె కట్టమని భర్తను మెజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో దరఖాస్తును తేల్చడానికి ప్రయత్నించాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది.

మరి ఆ 5 రోజులకీ కోర్టు ఆర్డరుకీ మధ్య ఆమె ఎక్కడ ఉండాలి? మా ఆలోచనంతా దీని గురించే. మేం చూసినవాళ్లలో తిరిగి అదే ఇంటికి పోయినవాళ్లు మనసు మారి పోలేదు, చేతిలో అడ్వాన్సు లేక పోయారు. ఒక్క గది పోర్షనుకైనా రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు. ఆధార్, రేషన్ కార్డు ఆ ఇంట్లోనే ఉండిపోతాయి. పిల్లల టీసీ కోసం పాత బడికి పోవాలంటే అక్కడ భర్త కాపు కాస్తున్నాడేమోనని భయం. పనిలో చేరినా మొదటి జీతం వచ్చేసరికి నెల గడుస్తుంది.

ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసి పంపేది తల్లిగారిల్లు. ఈ తల్లులకు ఆ పని మన గుడి చేయాలని కమిటీ తీర్మానించింది. మీరిచ్చే డబ్బుతో గది అడ్వాన్సు, మొదటి మూడు నెలల అద్దె, బియ్యం, పప్పులు, గ్యాస్, పిల్లల బడి ఖర్చులు చూస్తాం. అద్దె నేరుగా ఇంటి ఓనరుకే కడతాం. సాయం కోరి వచ్చినవాళ్లను కులం, మతం అడగం.

ఓనర్లకు ప్రత్యేకంగా ఒక మనవి. "ఒంటరి ఆడమనిషికి ఇల్లిస్తే మొగుడొచ్చి గొడవ చేస్తాడు" అంటారు. ఆ టెన్షన్ మాకూ తెలుసు. అందుకే కమిటీయే పూచీ ఉంటుంది, ఏ గొడవ వచ్చినా మా సభ్యులు వచ్చి నిలబడతారు. ఖాళీగా ఉన్న ఒక్క గది ఇవ్వండి. పెద్ద చందా కంటే అదే మాకు ఎక్కువ.

ఆమె పేరు, ఉన్న చోటు దాతలకు కూడా చెప్పం, ఫోటోలు తీయం. దయచేసి మీరూ అడగవద్దు. ఈ డబ్బుకు లెక్క వేరు, హుండీతో కలపడం లేదు. వచ్చింది, ఖర్చయింది నెలనెలా గుడి నోటీసు బోర్డులో పెడతాం.

సాయంత్రం హారతి అయ్యాక గుడి ఆఫీసులో నగదుగా గానీ, అక్కడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి గానీ ఇవ్వవచ్చు. రశీదు తప్పక తీసుకోండి. పనిచేసే కుక్కరు, ఫ్యాను, స్టవ్, దుప్పట్లు కూడా తీసుకుంటాం. చిరిగిన పాత చీరలు మాత్రం వద్దు, మీ ఇంటి ఆడబిడ్డకు పెట్టగలిగినవే ఇవ్వండి.

మీ పక్కింట్లో ఎవరైనా ఈ కష్టంలో ఉంటే ఆమెకు ఈ మాట చేరవేయండి. ప్రతి శుక్రవారం సాయంత్రం గుడి వెనక గదిలో కమిటీ మహిళా సభ్యులు ఉంటారు, వచ్చి మాట్లాడవచ్చు.

ఇట్లు,
అమ్మవారి గుడి కమిటీ