మా నాన్న రైతు అని ఒక్క కాగితం మీద రాయండి: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఫిరంగిపురం దగ్గర ఒక పల్లె. ఈ 2025 ఏప్రిల్‌లో, ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, మా నాన్న మిరప కల్లంలోనే చనిపోయాడు. తెల్లవారుజామున మంచు పడుతుందేమోనని కాయల మీద పట్టా కప్పడానికి వెళ్లాడు. తమ్ముడు టీ తీసుకుని వెళ్లేసరికి పట్టా సగం కప్పి ఉంది, నాన్న దాని పక్కనే పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. 61 ఏళ్లు. అందులో 38 ఏళ్లు పరాయి భూమిలో సేద్యం చేశాడు.

మరణం నమోదు చేయించడానికి నేనే వెళ్లాను. ఫారంలో వృత్తి అనే గడి ఉంది. రైతు అన్నాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే అడిగాడు, "పాస్ పుస్తకం ఉందామ్మా?" అని. లేదండీ, కౌలు అన్నాను. "కౌలు కార్డు?" అదీ లేదన్నాను. "అయితే కూలీ అని రాస్తానమ్మా, ఏం అనుకోకండి" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. కూలీ పని తక్కువ పనని కూడా కాదు, మా అమ్మ జీవితమంతా కూలికి వెళ్లింది. కానీ మా నాన్న రైతు. విత్తనం ఏది వేయాలో ఆయన తేల్చుకున్నాడు, అప్పు ఆయన తెచ్చాడు, నష్టం ఆయన మోశాడు. ఆ మాట ఎక్కడ చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను.

ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పనివ్వండి.

మాది క్యాథలిక్ కుటుంబం. ఇంటి గోడకి మరియమాత పటం పక్కన నాన్న ఇంకో పటం పెట్టుకున్నాడు. అందులో ఒక మనిషి మోకరించి జపం చేస్తుంటే, వెనక ఒక సన్మనస్కుడు, అంటే దేవదూత, ఎద్దులు కట్టి అరక తోలుతుంటాడు. ఆయన పునీత ఇసిదోరు. సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందట స్పెయిన్ దేశంలో, మాడ్రిడ్ దగ్గర, ఒక భూస్వామి దగ్గర పాలేరుగా బతికాడు. పొద్దున్నే పూజకి వెళ్లి పనికి ఆలస్యంగా వస్తున్నాడని తోటి పాలేర్లు యజమానికి చాడీలు చెప్పారట. యజమాని వచ్చి చూస్తే ఇసిదోరు బదులు సన్మనస్కులు దున్నుతున్నారట. చిన్నప్పుడు ఈ కథ మాకు నాన్న ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా చివర్లో ఒక మాట కలిపేవాడు: "ఆయనకీ సొంత భూమి లేదమ్మాయ్, మనలాగే." సెంటు భూమి లేని ఆ మనిషినే 1622లో రోములో పునీతుడిగా ప్రకటించారు. రైతులందరికీ పాలక పునీతుడు ఆయనే. మే 15న ఆయన పండుగ. మా విచారణలో, అంటే మా ఫాదర్ గారి చర్చి పరిధిలో, ఆ రోజు ఫాదర్ గారు విత్తనాలు దీవిస్తారు. దీవించిన గింజలు నాన్న చొక్కా జేబులో పెట్టుకుని వచ్చి, నారు పోసే రోజున ముందు అవి చల్లి, తర్వాతే మిగతావి చల్లేవాడు.

ఆయన జపమాల చెక్క పూసలది. పగలంతా కల్లంలో కాయలు తిరగేసిన చేతులతోనే రాత్రి జపం చెప్పించేవాడు కాబట్టి ఆ పూసలకి మిరప ఘాటు పట్టేసింది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఆ జపమాల పట్టుకుని, తర్వాత కళ్లు నలుపుకుని ఏడ్చేవాళ్లం. అమ్మ చన్నీళ్లు కొట్టేది. ఇప్పుడది ఆయనతోనే మట్టిలో ఉంది. పెట్టెలో చేతికి చుట్టేటప్పుడు తాకాను. ఆ రాత్రి నా కళ్లు మండాయి.

ఆదివారం కోత పెట్టేవాడు కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కరోజు ఆలస్యమైతే కాయ రంగు మారి తాలు పెరుగుతుందని, కూలీలు దొరికిన రోజే కోయించుకోవాలని అందరూ చెప్పేవాళ్లు. వినేవాడు కాదు. దానివల్ల కొంత నష్టపోయాడు కూడా, ఆ మాట దాచను. మొదటి కోతలో ఒక బుట్ట కాయలు మా గుడికి, అంటే చర్చికి, తీసుకెళ్లి పీఠం ముందు పెట్టేవాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చింది గుర్తుందా సార్? గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలన్నీ పూత మీదే మాడిపోయాయి. పూవు విప్పి చూస్తే నల్లటి నలుసుల్లా పురుగులు. ఏ మందు కొట్టినా చావలేదు. మా మూడెకరాల్లోనూ ఇంచుమించు ఏమీ మిగల్లేదు. ఆ ఏడాది బుట్ట నిండలేదు. నాన్న తువ్వాలులో రెండు గుప్పెళ్ల కాయలు మూట కట్టుకుని గుడికి వెళ్లాడు. నాకు కోపం వచ్చి, "ఏమిచ్చాడని తీసుకెళ్తున్నావ్ నాన్నా?" అని అడిగాను. "ఇవి ఇచ్చాడుగా" అన్నాడు.

ఇక కాగితాల సంగతి.

ఆ మూడెకరాల ఆసామి పట్నంలో ఉంటారు. చెడ్డవారు కాదు. ఎకరాకు 30 వేలు కౌలు, ముందే కట్టాలి. తామర పురుగు వచ్చిన ఏడాది ఆయన 10 వేలు తగ్గించుకున్నారు, అది మేం మర్చిపోలేదు. కానీ ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లో పంట ఆయన పేరునే నమోదైంది. పరిహారం ఏదైనా వస్తే ఆ పేరు మీదే వస్తుంది. నాన్నకి మిగిలింది ఎరువుల కొట్లో బాకీ, బయట తెచ్చిన అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ. బ్యాంకు గడప ఆయన ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కినా ఏం పెట్టి అడుగుతాడు? పాడి గేదెని అమ్మితే కొంత తీరింది. మిగతాది ఇంకా తీరుస్తూనే ఉన్నాం.

2011లో వచ్చిన చట్టం కింద కౌలు రైతులకి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కొత్త చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టిన 11 నెలల ఒప్పందం ఉండాలి. నాన్న ఫారం తెచ్చుకుని ఆసామి దగ్గరికి వెళ్లాడు. ఆయన చదివి, "నీ మీద నమ్మకం లేక కాదయ్యా, రేపు మా పిల్లలు ఏమంటారో" అని తిరిగి ఇచ్చేశారు. నాన్న ఇంకేమీ అడగలేదు. మళ్లీ అడిగితే వచ్చే ఏడాది భూమి ఇంకొకరికి ఇస్తారని భయం. మన దగ్గర కౌలు రైతులు నోరు మెదపకపోవడానికి సగం కారణం ఆ భయమే సార్. మీకు తెలియదని కాదు.

నాన్న పోయిన నలభయ్యో రోజు పూజకి ఆయన జపాల పుస్తకం తీశాను. సిలువ మార్గం ఉన్న పేజీల మధ్య ఆ ఫారం దొరికింది. నాలుగు మడతలు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, అన్నీ ఆయన గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి. యజమాని సంతకం దగ్గర మాత్రం ఖాళీ. అన్నేళ్లూ ఎందుకు దాచుకున్నాడో నాకు తెలియదు. ఎప్పటికైనా పెడతారని అనుకున్నాడేమో.

సంతకం లేకపోతే ఏదో ఒకటి చేసి కార్డు తెచ్చుకోవచ్చుగా అని మీ దగ్గరివాళ్లు ఎవరైనా అనవచ్చు. అలాంటి దారులు మాకూ చూపించారు. దళితుడు క్రైస్తవుడైతే కాగితం మీద ఎస్సీ కాడు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం. మన రాష్ట్రంలో బీసీ-సీ అని రాస్తారు. మాకూ అలాగే రాశారు. ఎస్సీ రుణం వస్తుంది, హిందువని రాయించుకో, చర్చికి వెళ్తే ఎవరు చూస్తారు అని ఊళ్లో ఒకాయన మంచికే చెప్పాడు. నాన్న ఒప్పుకోలేదు. "మాత పటం గోడ మీద పెట్టుకుని ఆఫీసులో లేదని చెప్పనా?" అన్నాడు. ఆ గొడవ ఢిల్లీలో తేలాల్సింది, మీ చేతిలో లేదు, అందుకే ఈ లేఖలో దాని జోలికి పోను. ఆయన కాగితం కోసం అబద్ధం ఆడే మనిషి కాడని తెలియడానికే చెప్పాను. అలాంటి మనిషికి నిజం కాగితం ఒక్కటి కూడా దక్కలేదు.

ఆయన చివరి పంట గురించి కూడా చెప్పాలి. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి ఈ ఏడాది మొదట్లో 11 వేలకి అటూ ఇటూ పడిపోయింది. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత తిరునాళ్లకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ నాన్నకి అదే టెన్షన్. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించిందని పేపర్లో వస్తే కత్తిరించి దాచుకున్నాడు. "దీనికేం కాగితాలు కావాలో కనుక్కో అమ్మాయ్" అని నాకు ఫోన్ చేశాడు. సరే నాన్నా అన్నాను. స్కూల్లో పరీక్షల పనిలో పడి కనుక్కోలేదు. మిర్చి యార్డులో మా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగేనాటికి నాన్న లేడు.

ఈ నెల 2న రైతులకి పెట్టుబడి సాయం ఇచ్చే అన్నదాత సుఖీభవ పథకం మొదలైంది. మొదటి విడతగా పీఎం కిసాన్ కింద కేంద్రం 2,000, రాష్ట్రం 5,000, మొత్తం 7,000 మా ఆసామి ఖాతాలో పడ్డాయి. పడనివ్వండి, ఆయన భూమి ఆయనది. పీఎం కిసాన్ అయితే మొదటి నుంచీ భూమి ఉన్నవారికే, అదీ తెలుసు. నేను అడిగేది ఆయన డబ్బు మాకు మళ్లించమని కాదు. చేలో ఎవరు సేద్యం చేస్తున్నారో వారి పేరు రాయమంటున్నాను. ఈ-క్రాప్ నమోదుకి మీ మనుషులు చేల దగ్గరికి వస్తారు, ఫొటో తీస్తారు. గట్టు మీద నిలబడి చుట్టుపక్కల నలుగురిని అడిగితే ఎవరు దున్నారో, ఎవరు నారు పోశారో, ఎవరు రాత్రిళ్లు నీళ్లు కట్టారో చెప్తారు. దాన్ని గ్రామసభలో చదివి వినిపించండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అక్కడే చెప్తారు. దానికి యజమాని సంతకం ఎందుకు? కార్డు పంట మీదే, భూమి మీద ఏ హక్కూ రాదని ఇప్పుడున్న చట్టమే చెప్తోంది. యజమానులకి ఇంకా భయముంటే ఆ మాట కార్డు మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి. కౌలు చట్టం మారుస్తామన్న మాట మేమూ విన్నాం. మార్చేటప్పుడు ఈ సంతకం అన్న గడిని తీసేయండి.

ఇంకొకటి. మరణ నమోదు ఫారంలో కౌలు చేసుకుని బతికినవారిని రైతు అనే రాయమని సంబంధిత శాఖకి మీరు ఒక్క మాట చెప్పండి. దానికి డబ్బు ఖర్చు కాదు.

నాన్నది వ్యవసాయమని రాసిన కాగితం అసలు లేదా అంటే ఒకటుంది. మా విచారణ గుడిలో పెళ్లిళ్ల రిజిస్టరు. క్రైస్తవ వివాహాల నమోదులో వరుడి వృత్తి రాసే గడి ఉంటుంది. నాన్న పోయాక ఏదో పనిమీద ఫాదర్ గారి దగ్గరికి వెళ్తే 1986 నాటి పుస్తకం తీసి చూపించారు. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టాయి. నాన్న పేరు, 22 ఏళ్లు, అవివాహితుడు, వృత్తి: వ్యవసాయం. అప్పటికి ఆయన సొంతంగా సేద్యం మొదలుపెట్టలేదు, తాతకి సాయం చేస్తున్నాడంతే. అయినా అప్పటి ఫాదర్ గారు పాస్ పుస్తకం అడగలేదు. నాన్న చెప్పింది రాసుకున్నారు. కింద నాన్న సంతకం, అమ్మ వేలిముద్ర.

ఈసారి అవే మూడెకరాలు మా తమ్ముడు కౌలుకి తీసుకున్నాడు. వద్దన్నాను, వినలేదు. మే 15న గింజలు దీవింపించుకుని వచ్చాడు. నారు జానెడు ఎదిగింది, నాటడానికి సిద్ధంగా ఉంది. వాడూ ఫారం నింపాడు. సంతకం ఇంకా కాలేదు. ఈ-క్రాప్ నమోదుకి మీ మనుషులు మా ఊరు వచ్చే రోజు ముందుగా చెప్పించండి సార్. ఆదివారం కాకుండా ఏ రోజైనా సరే, వాడు పొద్దున ఆరింటి నుంచీ చేలోనే ఉంటాడు.

ఇట్లు,
ఒక కౌలు రైతు కూతురు,
ఫిరంగిపురం ప్రాంతం, గుంటూరు జిల్లా
ఆగస్టు 2025