పాత సీడీ వెంట తెచ్చుకుంటే ఒక స్కాన్ తప్పుతుంది

సంపాదకుల వారికి,

మదనపల్లె, పీలేరు, పలమనేరు నుంచి తిరుపతి ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో చాలామంది పాత స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తారు. స్కాన్ బొమ్మలన్నీ ఉండే సీడీ ఇంట్లో బీరువాలో ఉంటుంది. కాగితంతో పోల్చి చూడటం కుదరక కొత్త డాక్టరు మళ్లీ ఎక్స్‌రే కిరణాలతో తీసే సీటీ స్కాన్ రాస్తారు. ఫిల్ము తెచ్చినా అందులో ఏరి అచ్చేసిన బొమ్మలే ఉంటాయి.

ఛాతీ ఎక్స్‌రేకు పడే రేడియేషన్ 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) లోపే. తల సీటీకి సుమారు 2, పొట్ట సీటీకి 8 నుంచి 10. గాలి, నేల, ఆకాశం నుంచి మనిషికి ఏడాది పొడవునా సగటున అందేది 2.4 మాత్రమే. బొమ్మ స్పష్టంగా కనిపించేందుకు వాడే మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి, కాసేపాగి మరోసారి తీస్తే మోతాదు దాదాపు మూడింతలు. ఒక్క స్కాన్‌తో క్యాన్సర్ ముప్పు పెరిగేది స్వల్పమే. పదే పదే తీయిస్తే కూడుతూ పోతుంది. పిల్లల విషయంలో ముప్పు ఇంకా ఎక్కువ, వారి కణాలు వేగంగా విభజన చెందుతాయి, ముందున్న ఆయుష్షూ ఎక్కువ.

కిడ్నీ రాయికి మొదట అల్ట్రాసౌండ్ చేయించవచ్చు, దానిలో రేడియేషన్ లేదు. సీటీ తప్పదంటే మందు లేకుండా, ఒకే విడతలో, తక్కువ మోతాదులో తీయమని అడగండి. 3 మిల్లీసీవర్ట్ లోపే అయిపోతుంది. తలకు దెబ్బ తగిలి వాంతులవుతుంటే, మూతి వంకర పోతే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే తీయించాలి.

సీడీలో ఎంత రేడియేషన్ వాడారో చూపే డోస్ పేజీ ఉంటుంది. పెద్దవారి పొట్ట స్కానైతే అందులోని డీఎల్‌పీ (స్కాన్ మొత్తానికి వాడిన రేడియేషన్ లెక్క) అంకెను 0.015తో గుణించండి: 600 ఉంటే 9 మిల్లీసీవర్ట్. గర్భం ఉందన్న అనుమానం ఉంటే టేబుల్ ఎక్కకముందే చెప్పాలి.

– రేడియోగ్రాఫర్లు, తిరుపతి