ఏ చౌడును, ఎంతవరకు, ఏ దశలో?

సంపాదకులకు నమస్కారం.

చౌడును తట్టుకునే కొత్త వరి రకాల గురించి పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జన్యు సవరణ రకాల్లో ఒకటైన పూసా డీఎస్టీ రైస్ 1, ఎంటీయూ 1010 అనే వరి రకం నుంచి రూపొందినది, ఉప్పు నేలల్లోనూ క్షార నేలల్లోనూ మెరుగైన దిగుబడి ఇస్తుందని అప్పట్లో చెప్పారు. దేశంలో సుమారు 67 లక్షల హెక్టార్ల నేల ఉప్పు వల్లనో క్షారం వల్లనో దెబ్బతిని ఉండగా ఈ పరిశోధన ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఒక రకాన్ని విడుదల చేసేటప్పుడు ‘చౌడును తట్టుకుంటుంది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం రైతుకు అన్యాయం. ఏ చౌడును, ఎంత తీవ్రత వరకు, పైరు ఏ దశలో ఉండగా తట్టుకుంటుందో విత్తన సంచి మీదే ముద్రించాలని కోరుతున్నాను.

పాలచౌడులో కరిగే లవణాలు ఎక్కువ. నీటితో తడిపిన మట్టి నుంచి తీసిన ద్రవపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే దాన్ని ఉప్పు నేలగా లెక్కిస్తారు. అక్కడ మడి నిండా నీరున్నా వేరు దాన్ని తేలిగ్గా పీల్చుకోలేదు, పీల్చుకున్న నీటితో పాటు సోడియం ఆకుల్లోకి చేరి హాని చేస్తుంది. క్షార నేల అయిన కారుచౌడులో సోడియం మట్టి రేణువులనే పట్టుకుని ఉంటుంది. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటిన ఆ నేలలో మట్టి చెదిరి రంధ్రాలు పూడిపోతాయి, నీరు ఇంకదు, జింకు ఉన్నా పైరుకు అందదు. మొదటిదాన్ని మంచినీటితో కడిగి మురుగు పోయే దారి చూపితే చాలావరకు బాగుపడుతుంది. రెండోదానికి సాధారణంగా జిప్సం వేయక తప్పదు. ఇంత తేడా ఉన్నప్పుడు, ఒకదానిలో నిలబడిన రకం రెండోదానిలోనూ నిలబడుతుందని పరీక్షించకుండా అనడానికి వీల్లేదు.

దశ విషయం ఇంతకంటే ముఖ్యమైనది. వరి మొలకెత్తేటప్పుడూ పిలకలు వేసేటప్పుడూ ఉప్పును కొంత ఓర్చుకుంటుంది కానీ, లేత నారుగా ఉన్నప్పుడు, మళ్లీ చిరుపొట్ట (వెన్ను లోపల రూపుదిద్దుకునే దశ) నుంచి పూత వరకు చాలా సున్నితంగా ఉంటుంది. నారు దశలో ఓర్చుకున్న రకం పూత దశలోనూ ఓర్చుకుంటుందన్న హామీ లేదు. ప్రపంచమంతటా కొత్త వంగడాలు రూపొందించే శాస్త్రవేత్తలు వాడుతున్న ‘సాల్టోల్’ అనే జన్యు భాగం కేరళ తీరపు పొక్కాలి వరి నుంచి వచ్చింది. అది మొక్కలో సోడియం, పొటాషియం సమతుల్యాన్ని కాపాడుతుంది, కానీ దాని మేలు ప్రధానంగా నారు దశకే. నారు పరీక్ష సులువు కూడా. ఉప్పు ద్రావణంలో పెంచిన మొక్కలకు 1 నుంచి 9 వరకు అంకెలు వేస్తారు, 1 అంటే దాదాపు ఆరోగ్యంగా ఉన్నట్టు, 9 అంటే చనిపోయినట్టు. ఓర్పు ఉన్న మొక్కలో అడుగు ఆకులు కొసల నుంచి ఎండిపోతున్నా పైనున్న లేత ఆకు పచ్చగానే ఉంటుంది. పూత దశ పరీక్షకు మాత్రం నెలల తరబడి మొక్కను పెంచి, ఒక్కో రకం పొట్టకు వచ్చే సమయాన్ని కనిపెట్టి, సరిగ్గా అప్పుడే ఉప్పు ఒత్తిడి కలిగించాలి. ఇది ఖర్చుతోనూ ఓపికతోనూ కూడిన పని. అందుకని దీన్ని వదిలేస్తే నష్టం బయటపడేది రైతు పొలంలోనే. దుబ్బులు పచ్చగా కనిపిస్తాయి, ఎరువుకూ కలుపుకూ డబ్బంతా పెట్టేస్తాడు, తీరా ఈనాక పుప్పొడి పని చేయక వెన్నులు తెల్లబారి తాలు గింజలతో నిటారుగా నిలబడతాయి.

పొలంలో చౌడు సమంగా పరచుకుని ఉండదన్నది కూడా మరిచిపోకూడదు. ఒకే మడిలో ఒక మూల పైరు ఏపుగా ఉండి, పది అడుగుల అవతల మొక్క మొలవని చోట్లు ఉంటాయి. అందువల్ల అన్ని పరీక్షా కేంద్రాల సగటు దిగుబడి ఒక్కటే ప్రకటిస్తే తెలిసేది తక్కువ. ఏ కేంద్రంలో నేల చౌడు కొలత ఎంత, అక్కడ ఈ రకానికీ పోటీ రకానికీ వచ్చిన దిగుబడి ఎంత అన్నవి విడివిడిగా అందరికీ అందుబాటులో పెట్టాలి. ఇది అసాధ్యమేమీ కాదు. కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ సీఎస్ఆర్ పేరుతో తాను విడుదల చేసిన వరి రకాలకు ఉదజని సూచిక, లవణ తీవ్రతల హద్దులు చెబుతూనే ఉంది. అయితే ఇలాంటి రకం రావడానికి చాలా కాలం పడుతుంది. 1969లో మొదలైన ఆ సంస్థ నుంచి సీఎస్ఆర్ 10 వచ్చింది 1989లో. పొక్కాలి వంటి దేశవాళీ రకాలు ఎత్తుగా పెరిగి పడిపోతాయి, దిగుబడి తక్కువ. వాటి ఓర్పును మాత్రమే తీసుకుని మిగతా లక్షణాలను వదిలించుకోవడానికి తరాల తరబడి సంకరణాలు చేయాలి. రెండు మూడేళ్ల ప్రాజెక్టుల పేరిట ఈ పనికి నిధులు ఇవ్వడం మానుకుని, స్థిరమైన ప్రభుత్వ కేటాయింపు చేయాలి.

కొత్త రకం వచ్చిందన్న సాకుతో జిప్సం సరఫరాను, మురుగు కాల్వల పూడికతీతను వెనక్కి నెట్టే ప్రమాదం ఉంది. విత్తనం ఎంత గట్టిదైనా నేలను బాగుచేయదు. సంచి మీద హద్దులు ముద్రించినా, తన పొలం చౌడు కొలత తెలియని రైతుకు అవి ఉపయోగపడవు కాబట్టి, లవణాలు పైకి తేలే వేసవిలోనే మట్టి నమూనాలు తీయించి, నారు పోసే అదనుకు ముందే ఫలితాలు రైతు చేతికి అందేలా వ్యవసాయ శాఖ బాధ్యత తీసుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు