మన ఊరి సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

వీధి లైట్లు, గుడి ముందు షెడ్డు, వినాయక చవితి జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోండి. ఈ ఏడాది కమిటీ కూర్చున్న ప్రతిసారీ ఎక్కువ సేపు మాట్లాడుకున్నది కిడ్నీ సహాయ నిధి గురించే. అందుకే ఈ నివేదిక కూడా దాని మీదే.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్ ఉచితం, పైగా నెలకు 10,000 పింఛను. "మరి మనకు చందాలెందుకు?" అని పోయినసారి సమావేశంలో ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన మాటే. జవాబు కోసం నిధి నుంచి సాయం తీసుకుంటున్న ఒక ఇంటికి వెళ్ళాం.

గోడ మీద క్యాలెండరు. సోమ, బుధ, శుక్రవారాల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఒక్కో గడిలో ఆ ఇల్లాలు రాసుకున్న లెక్క: ఆటో 600, టిఫిను 80. నెలకు 12, 13 ట్రిప్పులు, అంటే ఆటోకే 7 వేలు దాటిపోతోంది. డయాలసిస్ మిషన్ మీద నాలుగు గంటలే అయినా రానూపోనూ కలిపితే ఆ రోజు అయిపోయినట్టే. తోడు వెళ్ళాలి కాబట్టి ఆవిడ జీడిపప్పు ఒలిచే పని మానేసింది. పింఛను ఒకటి వచ్చింది, ఇద్దరి కూలీ పోయింది.

అప్పు మాత్రం డయాలసిస్ కంటే ముందే మొదలైందని డయాలసిస్ చేయించుకుంటున్న ఆమె భర్త చెప్పాడు. డయాలసిస్ దాకా రానివాళ్ళకు క్రియాటినిన్ (కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే రక్తపరీక్ష లెక్క) 5 దాటితేగాని పింఛను లేదు. 2, 3 దగ్గర ఉన్న రోజుల్లోనే విశాఖ తిరుగుళ్ళు, పరీక్షలు, మందులు, రూము అద్దెలు. తోట తాకట్టు పడిందీ అప్పుడే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి చెట్లు కూలిపోయాయి కదా, తాకట్టు విడిపించుకుందామన్నా చేతికొచ్చే కాయ లేదు.

ఇదంతా విన్నాక నిధి నుంచి ఒకేసారి 10 వేలు చేతిలో పెట్టే పద్ధతి ఆపేశాం. ఆ డబ్బు నేరుగా వడ్డీ వ్యాపారికే పోతోంది. మన ఊరి ముగ్గురికీ ఒకే షిఫ్టు ఇమ్మని డయాలసిస్ సెంటర్లో అడిగాం. రెండు నెలలు తిప్పించుకుని ఇచ్చారు. ఇప్పుడు ముగ్గురికీ కలిపి ఒకే ఆటో, కిరాయి సంఘం కడుతోంది. క్రియాటినిన్ 5 లోపు ఉన్నవాళ్ళకు పరీక్షల ఖర్చు కూడా ఇస్తున్నాం.

జూన్‌లో కిరాయి ఆలస్యమైంది. చెక్కు మీద సంతకం పెట్టాల్సిన కోశాధికారి హైదరాబాద్‌లో ఉండిపోయారు. ఆ నెల ఒక కుటుంబం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. తప్పు మాదే. ఇప్పుడు సంతకానికి ఇద్దరిని పెట్టాం, ఎవరు ఊళ్ళో ఉంటే వారు చేస్తారు.

ఆటో డ్రైవరు పెళ్ళికో పండక్కో వెళ్తే బదులు మనిషి ఇంకా దొరకలేదు. బండి నడిపే కుర్రాళ్ళు పేరు ఇవ్వండి.

డయాలసిస్ లేని రోజని సర్వసభ్య సమావేశం ఆదివారం పెట్టాం. ఆ ముగ్గురూ వస్తామన్నారు. వాళ్ళు నీళ్ళైనా కొలత ప్రకారమే తాగాలి, టీ తీసుకోమని ఎవరూ బలవంతపెట్టకండి.

— కార్యదర్శి