టర్న్‌లో ముందు ఆడాల్సి వచ్చినప్పుడు

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పోకర్‌లో బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం కట్టే చోటు) రాజు, జాకీతో నువ్వు ఆడిన ఆటను రెండు మూడు సార్లు చదివాను. రివర్‌లో (బల్ల మీద చివరిదైన అయిదో ముక్క పడ్డాక) ఫోల్డ్ చేసినందుకు, అంటే ఆట వదిలేసినందుకు, నువ్వు బాధపడుతున్నావు కానీ, అసలు పొరపాటు అంతకు ముందే, టర్న్‌లోనే (నాలుగో ముక్క పడ్డప్పుడే) జరిగిందని నాకు తోస్తోంది.

ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, జాకీ, ఎనిమిది, మూడు పడ్డాయి. మొదటి రెండూ ఇస్పేట్లు. బటన్ మీద ఉన్నవాడు (నీ తర్వాత, చివరగా ఆడేవాడు) వేసిన బెట్‌ను కాల్ చేశావు (అతడు వేసినంతా కట్టావు), పాట్ (మధ్యలో పోగైన పందెం) 200 అయింది, అంతవరకు బాగానే ఉంది. టర్న్‌లో ఎవరికీ పనికిరాని కళావర్ రెండు పడగానే, అవతలి చేతిలో ఏముందో తెలుసుకోవాలని నువ్వే ముందుగా 120 వేశావు. దానివల్ల ఉత్త చేతులతో (పనికిరాని ముక్కలతో) బ్లఫ్ చేయబోయేవాడు తప్పుకుంటాడు, నీకన్నా బలమైన చేతులు, ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) కోసం చూసేవి చాలావరకు నిలిచిపోతాయి, అతడూ 120 కడితే పాట్ మాత్రం 440 అవుతుంది. తెలుసుకోవడానికి అంత ఖర్చు పెట్టనక్కర లేదు. చెక్ చేసి ఉంటే, అంటే బెట్ వేయకుండా ఊరుకుని ఉంటే, అతడు బ్లఫ్‌లతో కూడా బెట్ వేసేవాడు. ఒకవేళ అతడూ చెక్ చేస్తే, బలమైన చేతులు అతడి దగ్గర తక్కువని తేలేది కనుక, రివర్‌లో నువ్వే ధైర్యంగా బెట్ వేసి, ఎనిమిది జతల నుంచీ తోడు ముక్క చిన్నదైన జాకీ జతల నుంచీ కాల్ రాబట్టుకునేవాడివి.

టర్న్‌లో ముందుగా బెట్ వేయడమే తప్పని నేననను. ఏడు, ఆరు, మూడు ఉన్న ఫ్లాప్ మీద అయిదు పడితే, ఆ ముక్క బటన్ కంటే బిగ్ బ్లైండ్‌కే ఎక్కువగా కలిసివస్తుంది, అక్కడ వేయవచ్చు. రెండు అలాంటి ముక్క కాదు.

ఇక రివర్ సంగతి. ఇస్పేటు పడలేదు, అతడు 440కి 220 వేశాడు. 220 కట్టి 660 గెలవవచ్చు కనుక, కాల్ చేయడానికి నాలుగింట ఒకసారి గెలిస్తే చాలు. పైగా నీ చేతిలో ఇస్పేటు ఒక్కటీ లేదు కనుక, ఫ్లష్ తప్పిపోయిన చేతులన్నీ అతడి దగ్గర ఉండే అవకాశం అలాగే ఉంది. అతడు బొత్తిగా బ్లఫ్ చేయని మనిషైతే తప్ప నేను కాల్ చేసేవాణ్ణి.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను బలహీనమైన చేతులతోనే చెక్ చేసేవాణ్ణి. బల్ల దగ్గరి మిత్రులకు అది అర్థం కావడానికి ఎన్నో రాత్రులు పట్టలేదు. నేను చెక్ అంటే చాలు, చిప్స్ లోపలికి తోసేవారు. ఒకే విలువ ముక్కలు మూడు వచ్చినా కొన్నిసార్లు చెక్ చేసి, వాళ్లు వేశాక రైజ్ చేయడం (పందెం పెంచడం) మొదలుపెట్టాకనే నా మామూలు జతలకు కాస్త ఊపిరాడింది.

ఈసారి రాసేటప్పుడు, ఆట మొదట్లో ఇద్దరి ముందు ఎన్ని చిప్స్ ఉన్నాయో తప్పక రాయి.

ఇట్లు,
మీ అన్నయ్య