మట్టాంచేరి టీచర్‌గారికి, మా పిల్లల తరఫున

సంక్రాంతి సెలవుల్లో అత్తయ్యని, పిల్లలిద్దరినీ తీసుకుని విజయవాడ నుంచి కొచ్చి వెళ్లాం. మట్టాంచేరిలో యూదుల వీధి చూడాలని మా పాప నెల రోజుల ముందు నుంచీ లెక్కపెట్టుకుంటోంది. అయిదో తరగతి. వాళ్ల సోషల్ టీచర్ చెప్పారట.

తీరా వెళ్లింది శనివారం పొద్దున. డబ్బు కట్టి ముందే మాట్లాడుకున్న గైడ్ రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. పైగా సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, తలుపులు మూసి ఉన్నాయి. శనివారం యూదులకి విశ్రాంతి దినం, సందర్శకులని రానివ్వరు. శుక్రవారం మధ్యాహ్నం నుంచే మూసేస్తారు. నేను ముందే కనుక్కోవాల్సింది. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి, అత్తయ్యకి మోకాళ్ల నొప్పి, బాబు ఆకలంటున్నాడు. ఆ అయిదు నిమిషాల టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అప్పుడే పక్కనున్న మసాలా దినుసుల కొట్లోంచి ఒక పెద్దావిడ వచ్చారు. రిటైరైన టీచర్. అత్తయ్యకి కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, పాప పక్కన కూర్చుని అడిగారు: "మూసిన తలుపు కూడా ఒక పాఠమే కదా, విందామా?" తెలియని మనుషులు కదా అని నేను కాసేపు తటపటాయించాను. ఆవిడ మాత్రం అప్పటికే బాబు చేతిలో నాలుగు మిరియాల గింజలు పెట్టి వాసన చూడమంటున్నారు. వీటి కోసమే సముద్రాలు దాటి ఓడలు ఇక్కడికి వచ్చాయని మొదలుపెట్టారు.

రెండు గంటలు నడిపించారు. మధ్యమధ్య అరుగులు కనబడ్డ చోటల్లా అత్తయ్య కోసం ఆగుతూనే. 1760 నాటి గడియార స్తంభం దగ్గర, ఒక ముఖం మీద రోమన్ అంకెలు, ఇంకో ముఖం మీద హీబ్రూ అక్షరాలు ఎందుకున్నాయో పిల్లలతోనే చెప్పించారు. 1568లో సినగాగ్ కట్టుకోవడానికి కొచ్చి రాజు తన కోట పక్కనే స్థలమిచ్చాడని, ఆ కోట గుడికీ దీనికీ మధ్య ఒక్క గోడే అడ్డమని చూపిస్తే అత్తయ్య ఆ గోడని చేత్తో తడిమి చూశారు. 1662లో పోర్చుగీసువాళ్లు సినగాగ్‌ని పాడుచేసిన సంగతి కూడా ఆవిడ దాచలేదు.

నేను మరచిపోలేనిది మాత్రం ఎ.బి. సాలెం కథ. యూదుల్లోనే, బానిసత్వం నుంచి విడుదలైన వాళ్ల వంశస్థులని ఈ సినగాగ్‌లో మిగతావాళ్లతో సమానంగా కూర్చోనిచ్చేవారు కాదట. ఆ వంశంలో పుట్టి వకీలైన సాలెం, గాంధీగారి దారిలో, తన ప్రార్థనా మందిరంలోనే సత్యాగ్రహం చేశారు. అందుకే ఆయన్ని యూదుల గాంధీ అంటారు. "సొంతవాళ్ల మీద కూడా చెయ్యొచ్చా?" అని పాప అడిగింది. "సొంతవాళ్ల మీద చెయ్యడమే కష్టం మోళే" (మలయాళంలో అమ్మాయీ అని) అన్నారు టీచర్. పిల్లలు కదా అని తేలిక చేయకుండా, పెద్దవాళ్లకి చెప్పినట్టే చెప్పారు. నా కృతజ్ఞతలో సగం ఆ ఒక్క జవాబుకే.

మర్నాడు ఆదివారం పొద్దున్నే మళ్లీ వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లారు. గుడిలోలాగే చెప్పులు బయట వదిలాం. నేలంతా తెల్లటి మీద నీలం బొమ్మలున్న చైనా పలకలు, చేత్తో వేసినవి. ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. బాబు ఒప్పుకోలేదు. జత వెతుకుతానని కింద కూర్చున్నాడు. రెండు పలకల మీద చెట్టు ఒకేలా ఉందని వాడు అరిస్తే, టీచర్ కూడా పక్కన కూర్చుని, ఒకదానిలో కొమ్మ ఎలా వంగిందో వేలితో చూపించారు. ఆ వయసులో, ఆ నేల మీద, వాడి కోసం.

వీళ్లందరూ ఇప్పుడెక్కడ, ఎవరు తరిమేశారు అని అడిగింది పాప. ఇక్కడ ఎవరూ తరమలేదని, 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎక్కువమంది తామే వెళ్లిపోయారని చెప్పారు. 2019లో 96 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఈ వీధి యూదురాలు సారా కోహెన్ కుట్టుపని దుకాణం ముందు ఆగి, చివరి ఏళ్లలో ఆవిడని చూసుకున్నది ఒక ముస్లిం కుటుంబమని చెబుతుంటే టీచర్ గొంతు బొంగురుపోయింది. తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న పాత స్టాంపు తీశారు. సినగాగ్ నాలుగు వందల ఏళ్ల పండుగకి 1968లో మన తపాలా శాఖ వేసిన ఇరవై పైసల స్టాంపు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు మాట్లాడే యూదులున్నారని నేను చెబితే, "ఈసారి నేనే మీ ఊరొస్తాను, మీరు గైడ్‌గా ఉండండి" అన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. అత్తయ్య పట్టుబట్టి అరిసెల డబ్బా చేతిలో పెట్టారు, అది మాత్రం కళ్లకద్దుకున్నారు.

టీచర్, మీరు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. కుర్చీ వేసిన కొట్టు అన్నకి, రెండు రోజులూ వేళకి వచ్చిన ఆటో అన్నకి కూడా మా నమస్కారాలు. బాబు గీసిన నీలం పలక బొమ్మ, పాప రాసిన ఉత్తరం నిన్న రిజిస్టర్ పోస్టులో పంపించాం. బొమ్మలో కొమ్మ ఎటు వంగిందో మీరే చెప్పాలట.