తలూపితే ఒప్పుకున్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

నాకు 73 ఏళ్లు. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. చక్రవడ్డీ నాకొకరు నేర్పక్కర్లేదు. అయినా పోయిన ఏడాది, పదేళ్ల దాకా డబ్బు కదలని ఓ పాలసీ మీద సంతకం పెట్టాను. సలహాదారు "పదేళ్లు" అన్నది నాకు "ఐదేళ్లు" అని వినిపించింది. మళ్లీ అడిగితే చెవుడనుకుంటారని (ఉన్న మాటే!) గంగిరెద్దులా తలూపుతూ కూర్చున్నాను.

పక్కన మా అబ్బాయి ఉన్నాడు. "అమ్మగారికి ఏం కావాలంటారు?" అని ఆయన నా ఎదురుగానే వాణ్ణి అడిగారు. డబ్బు మాత్రం నాది.

ఆయన మోసగాడని నేననను. మర్యాదస్తుడే. కార్డు మీద 'వృద్ధుల ఆర్థిక నిపుణుడు' అని ఉంది. అందుకు ఎన్నాళ్లు చదివారని అడిగితే, రెండు రోజుల క్లాసన్నారు. వయసు మీద పడితే ముందు సన్నని ధ్వనులు వినపడవని, స, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయని, అరవడం కన్నా మొహం కనబడేలా నిదానంగా మాట్లాడితే మేలని ఆ క్లాసులో చెప్పలేదట.

పెద్దవాళ్లను తప్పుదోవ పట్టించే ఇలాంటి బిరుదుల మీద అమెరికాలో రాష్ట్రాల సెక్యూరిటీస్ (షేర్లు, బాండ్ల లాంటివి) నియంత్రణాధికారుల సంఘం 2008లోనే ఓ నమూనా నిబంధన తయారుచేసింది. 2018 నుంచి అక్కడి బ్రోకర్లు, ఖాతాదారు నమ్మే మనిషి ఒకరి పేరు, ఫోను నంబరు కూడా అడుగుతున్నారు. ఆ మనిషికి ఖాతా మీద అధికారమేమీ రాదు, ఏదైనా తేడాగా అనిపిస్తే కబురు చెయ్యడానికే. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని నా బదులు వాడితో మాట్లాడటం వేరు, ఇది వేరు.

నా క్లాసులో "అర్థమైందా?" అంటే నలభై తలలూ ఊగేవి. ఒకణ్ణి బోర్డు దగ్గరికి పిలిస్తే గానీ అసలు సంగతి బయటపడేది కాదు. "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని రోగుల్ని అడగడం డాక్టర్లకు, నర్సులకు నేర్పుతున్నారు. సలహాదారులకూ నేర్పండి, పరీక్ష పెట్టండి, అది పాసైతేనే ఆ కార్డు ఇవ్వండి. నా సంతకంతో తమకెంత కమీషన్ వస్తుందో కూడా కాగితం మీద రాయాలి. ఆ కాగితం రెండు రోజులు నా దగ్గర ఉంచి వెళ్లాలి.

తర్వాత ఫోన్ చేసి పదేళ్ల సంగతి అడిగాను. "మీరు తలూపారు కదమ్మా!" అన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్